తుంగభద్ర ఒడ్డున సుత్తి దెబ్బలు

కర్నూలు జిల్లా గూడూరు చుట్టుపక్కల చేలల్లో ఎక్కువగా నల్లరేగడే. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, గోడలు చీలుస్తుంది. అయినా భూకంపం వస్తే నీళ్లలా మారిపోయే నేల ఇది కాదు. ఇంజినీర్లు లిక్విఫాక్షన్ అనే ఆ ప్రమాదం నీళ్లు నిండిన వదులు ఇసుకకు ఎక్కువ. అందుకే సుంకేసుల వైపు, తుంగభద్రకు దగ్గరగా ఒక భవనం కోసం బోరు వేస్తుంటే చూడటానికి వెళ్లాను.

మూడు కాళ్ల స్టాండు, కప్పీ, తాడు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కడ్డీ మీద పడుతోంది. కడ్డీ మీద 15 సెంటీమీటర్లకొక సుద్దగీత. మొదటి గీత దాకా పడిన దెబ్బలు వదిలేసి, తర్వాతి రెండు గీతలవీ కలుపుతారు. 4, 5. మొత్తం 9. వదులు ఇసుకే. కడ్డీ చివరనున్న గొట్టం విప్పి కాస్త ఇసుక అరచేతిలో వేసుకుని తట్టాను. నీళ్లు పైకి తేలి మెరిశాయి.

“సుత్తి తక్కువ ఎత్తు నుంచి వదిలితే?” అని అడిగాను.

“దెబ్బలు ఎక్కువ పడతాయి సార్. నేల గట్టిగా ఉందని రాసేస్తారు,” అన్నాడు తాడు లాగే కుర్రాడు.

అందుకే ఆ ఎత్తు చూసే మనిషి పక్కన ఉండి తీరాలి.

నీటిమట్టం సంగతీ అంతే. వేసవిలో నీళ్లు లోతున ఉంటాయి. నది నిండి, కె.సి. కాలువ పారే రోజుల్లో పైకొస్తాయి. లిక్విఫాక్షన్ లెక్క ఆ పై మట్టానికే వెయ్యాలి. నేల ఊగితే ఇసుక రేణువులు సర్దుకోబోతాయి, మధ్యలో చిక్కిన నీటికి తప్పుకునే వ్యవధి ఉండదు, బరువంతా నీటి మీద పడుతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు నిలువునా ఒరిగిపోయింది అలాగే. 1971లో సీడ్, ఇడ్రిస్ అనే ఇంజినీర్లు చూపిన లెక్క మన భూకంప ప్రమాణం ఐఎస్ 1893లోనూ ఉంది. నేల ఓర్చుకోగలిగే ఒత్తిడిని కంపం కలిగించే ఒత్తిడితో భాగిస్తారు. 1 కన్నా తగ్గితే ప్రమాదం.

ఆ ప్రమాణం 2016 కూర్పులో కర్నూలుది రెండో జోన్, అంటే అన్నిటికన్నా తక్కువ ముప్పు. “మనకు భూకంపాలేంది?” అన్న మాట అక్కడా విన్నాను. 1993లో భూకంపం వచ్చిన లాతూరు కూడా అప్పటి మ్యాపులో అట్టడుగు జోన్‌లోనే ఉంది.

ఏటి ఒడ్డునో, పూడ్చిన వంక మీదో కట్టేవాళ్లు ఏ లోతున ఎన్ని దెబ్బలు పడ్డాయో, వానాకాలంలో నీళ్లు ఎంత పైకొస్తాయో ఇంజినీరును అడగండి. ఆ రెండూ లేని రిపోర్టు మీద పునాది వెయ్యకండి.