సాయా

మా ఇండ్లల్లో ‘సాయా’ అనే మాట ఒకటుంది. తెలుగులో ‘నీడ’ అంటే పూర్తిగా సరిపోదు. చెట్టు నీడా సాయానే, తండ్రి అండా సాయానే. గాలి సోకిందనీ దయ్యం పట్టిందనీ తెలుగులో అనేదాన్ని కూడా మేం సాయా అనే అంటాం. ‘బాప్ కా సాయా నై’ అంటే తండ్రి అండ లేని పిల్ల. ‘సాయా హోగయా’ అంటే ఏదో పట్టిన పిల్ల. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగులో రాసి బతికే మాలాంటోళ్ళకు ఈ రెండర్థాలూ పక్కపక్కనే వినబడతాయి. ‘మసూద’ చూసినప్పుడు రెండూ ఒకేసారి వినబడ్డాయి.

2022 నవంబర్ 18న విడుదలైన తెలుగు హారర్ సినిమా అది. దర్శకుడు సాయికిరణ్. మేం అక్కచెల్లెళ్ళం మేడ్చల్‌లో అమ్మీ ఇంట్లో కూర్చొని టీవీలో చూశాం. భర్తకు దూరమై, టీచరు ఉద్యోగం చేసుకుంటూ కూతుర్ని పెంచుకునే నీలం కథ. కూతురు నాజియా వయసుకొస్తున్న పిల్ల. ఉన్నట్టుండి ఆమె తీరు మారుతుంది. ఏమైందో కొంతసేపు తెలియదు. తర్వాత కథ తేల్చిచెప్తుంది: మసూద అనే ఆడమనిషి ఆత్మ, నల్ల బురఖాలో!

దయ్యం కథలు మాకు కొత్త కాదు. 1993లో జీ టీవీలో రామ్సే సోదరుల ‘జీ హారర్ షో’, 1995లో సోనీలో ‘ఆహట్’ మొదలైనప్పుడు మేం బడి పిల్లలం. హిందీ మాకు తెలుసు గనక వాడకట్టు పిల్లలందరికీ మేమే దుబాసీలం. అప్పుడు మా ఊహలో దయ్యమంటే తెల్లచీర. ఇప్పుడు దయ్యం మా అమ్మీ బట్టలేసుకొని వచ్చింది. ముఖం కనబడని మనిషిని చూసి భయపడటం తేలికే. కానీ ఆ నల్లగుడ్డ లోపలి మనిషి మేడ్చల్ అంగట్లో టమాటాల బేరమాడుతుంది, బస్సులో పక్కసీటావిడకు చిల్లర ఇస్తుంది. తెలుగు తెరకు ఆ మనిషి ఎన్నిసార్లు కనబడింది? అదే సినిమాలో పిల్లను కాపాడటానికి వచ్చే పీర్‌బాబా కూడా ముస్లిమే, నిజమే. అంటే మేం పట్టేవాళ్ళమూ, వదిలించేవాళ్ళమూ. ఊరికే బతికేవాళ్ళం ఎప్పుడవుతాం?

మేం ఇట్లా వాదించుకుంటుంటే, మాతోపాటు చూసిన మా భతీజీ వేరే సంగతి అడిగింది. “ఫుప్పూ, దయ్యం పట్టకముందు ఆ పిల్లతోని ఎవరన్నా మాట్లాడిన్రా?”

మా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లకు పదహారేళ్ళు. మా భాయిజాన్ రియాద్‌లో పనిచేస్తాడు. కాలేజీ దగ్గరవుతుందని భాభీ, బిడ్డ శామీర్‌పేటలో కిరాయి ఇంట్లోకి మారారు. ఆ ఇల్లు దొరకడానికి ముందు మూడుచోట్ల పేరు చెప్పగానే ‘ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చినం’ అన్నారు. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చి, కంపెనీలు, కాలేజీలు వచ్చి, అటు మేడ్చల్ ఇటు శామీర్‌పేట అపార్ట్‌మెంట్లయిపోయాయి. ఇండ్లు పెరిగినంతగా వాడకట్టు పెరగలేదు. పిల్ల క్లాసులో తల మీద దుపట్టా కప్పుకునేది ఆమె ఒక్కతే. ఇంట్లో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు, తోటిపిల్లల మధ్య తెలుగు. మూడు భాషలొచ్చిన పిల్ల మూడింట్లోనూ మాట్లాడటం మానేసింది. తిండి తగ్గింది. రాత్రి నిద్ర లేదు.

అమ్మీ ఒక్కమాటలో తేల్చింది: ‘లడ్కీ పో సాయా హై’. మగ్రిబ్ వేళ శామీర్‌పేట చెరువుకట్ట మీదికి పోయిందట, జుట్టు విరబోసుకొని. తావీజు తెప్పించింది. మేం అమ్మీని ఎగతాళి చెయ్యం. జిన్నుల పేరు మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, 72వది. నమ్మకం నమ్మకమే. పైగా అమ్మీ లెక్క ఆమెకుంది. సాయా అంటే పిల్ల తప్పు కాదు, బయటినుంచి వచ్చింది, రేపు పోతుంది. అదే డాక్టరు దగ్గరికి పోతే? హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అనేది తిట్టు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అయినా సరే. ఆ పేరు అంటుకున్న పిల్లకు రిష్తా రాదని భయం. దర్గాలో పరువు పోదు, ఆసుపత్రిలో పోతుంది. బీదోళ్ళు, ఏ మతమోళ్ళయినా, దర్గా మెట్లెక్కడానికి ఇది కూడా కారణమే.

కానీ ఆ మెట్ల పక్కనే ఏర్వాడి కూడా ఉంది. తమిళనాడులో రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊళ్ళో, 2001 ఆగస్టు 6న, మానసిక రోగులను పెట్టే ఒక షెడ్డు తగలబడింది. 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు గనక పారిపోలేకపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అట్లా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. గొలుసు వేసినోళ్ళు జిన్నులు కాదు, మనుషులే.

అందుకని మాకు ఆ సినిమాలో కథ తేలకముందు భాగమే ముఖ్యం. పట్టింది దయ్యమా, దిగులా? చూసేవాళ్ళకు అది సరదా ప్రశ్న. హిందువులు బురఖాను చూశారు, మా పెద్దలు జిన్నును చూశారు, చదువుకున్న మేం రాజకీయాన్ని చూశాం. పిల్లను చూసింది పిల్లే. సాయా ఉందా లేదా అనేది ఎవరి నమ్మకం వాళ్ళది. తండ్రి సాయా దూరంగా ఉండటం, వాడకట్టు సాయా లేకపోవడం మాత్రం ఎవరూ కాదనలేని సంగతులు.

భతీజీ చేతికి తావీజు ఉంది. మేం తియ్యమనలేదు. డాక్టరు దగ్గరికీ తీసుకుపోయాం, అమ్మీ కూడా ఆటోలో వచ్చింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు 14416 భాభీ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. భాయిజాన్ జుమ్మా నాడు ఫోన్ చేసి డబ్బుల సంగతి మాట్లాడి పెట్టేసేవాడు. ఇప్పుడు రోజూ చేస్తున్నాడు, ముందు బిడ్డతో మాట్లాడినాకనే మిగతావాళ్ళతో. పిల్ల ఇంకా తక్కువే మాట్లాడుతుంది. కానీ అడుగుతుంది. మొన్న, మసూద దయ్యం కాకముందు ఆమెతో ఎవరు మాట్లాడేవాళ్ళని అడిగింది. ఆ కథ తెలుగులో ఎవరు రాస్తారో మేమూ చూస్తున్నాం.