రోగులే నడవాలి

1817లో జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్నది ఆరుగురి కథ. వాళ్ళలో ఇద్దరు ఆయనకు వీధిలో తారసపడ్డవాళ్ళు, ఒకర్నయితే దూరం నుంచి చూశాడంతే. ఇవాళ రాయ్‌పూర్‌లోని మా భన్‌పురిలో రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడ్డా అలాంటివాళ్ళు కనబడరు. జబ్బు లేక కాదు, ఇళ్ళలో కూర్చోబెట్టేశారు.

నా క్లినిక్‌కి వచ్చిన ఒక రోలింగ్ మిల్లు కార్మికుడికి నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగడం మానేసింది, అడుగు చిన్నదైంది, మాట ముద్దయింది. గేటు దగ్గర తాగొచ్చావా అని అడిగారట. చుక్క ముట్టని మనిషి. పని మానేసింది జబ్బుకు కాదు, ఆ మాటకు.

ఇంకొకాయన రిటైరైన రైల్వే ఉద్యోగి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వ్యాగన్ రిపేర్ షాపులో పనికి వచ్చి స్థిరపడ్డాడు. బ్యాంకులో ఈయన సంతకం కలవడం లేదన్నారు. కాగితం ఇచ్చి రాయమన్నాను. మొదటి అక్షరం బాగానే పడింది, చివరికొచ్చేసరికి చీమల బారైంది. భార్య బాధ వేరు. "నా మీద కోపమేటో బాబూ, నవ్వడమే మానేసినారు" అంది. ముఖంలో కండరాలు బిగుసుకుపోయాయమ్మా, మనసులో ఏమీ లేదని చెబితే పమిటతో కళ్ళు తుడుచుకుంది.

గడప దగ్గర ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. క్లినిక్ వరండాలో సుద్దముక్కతో మూరెడు దూరానికొకటి అడ్డగీతలు గీశాను. గీత మీద గీత దాటుకుంటూ వెళ్ళిపోయాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గితే అలవాటుగా సాగే నడక తడబడుతుంది, కంటికి గురి దొరికితే మెదడు మరో దారిన అడుగు వేయిస్తుంది.

అందుకే ఈ రోగుల కోసం ఏప్రిల్ 11న, పార్కిన్సన్ పుట్టినరోజున, ఛారిటీ రన్ పెడతామని కుర్రాళ్ళు వచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే: రోగులు ఎక్కడ నడుస్తారు? టీ-షర్టు రంగు దాకా ఆలోచించారు గానీ ఇది తట్టలేదు. వాళ్ళకు వేదిక మీద కుర్చీలు వేయిస్తాం సార్ అన్నాడొకడు. కుర్చీలోంచి లేపడానికే కదయ్యా ఈ తిప్పలన్నీ!

వ్యాయామం జబ్బును నయం చేస్తుందని నేననను. కానీ 2018లో అమెరికా వైద్యులు, ఇంకా మందులు మొదలుపెట్టని 128 మందితో చేసిన అధ్యయనం ప్రచురించారు. ఆరు నెలలపాటు ట్రెడ్‌మిల్ మీద వేగంగా నడిచినవాళ్ళలో లక్షణాలు పెద్దగా ముదరలేదు, నడవనివాళ్ళలో ముదిరాయి.

మా ఏర్పాట్లు ఇవి. లారీలు తిరిగే బిలాస్‌పూర్ రోడ్డు వద్దు, కాలనీ లోపలి దారి చాలు. కుర్రాళ్ళు అయిదు కిలోమీటర్లు పరిగెత్తుతారు, రోగులు తెల్లగీతల మీద రెండొందల మీటర్లు నడుస్తారు, మధ్యమధ్య కుర్చీలు. రాయ్‌పూర్‌లో ఏప్రిల్ ఎండ తెలిసిందే. పైగా వీళ్ళలో కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంటుంది. కాబట్టి ఆరింటికే మొదలు, ఉప్పేసిన మజ్జిగ సిద్ధం. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర నడకకు ముప్పావుగంట ముందు, టిఫిన్ కంటే ముందే వేసుకోవాలి. పాలు, గుడ్డు, పప్పు కడుపులో ఉంటే మందు సరిగా ఎక్కదు.

డబ్బు సంగతి. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే ఆపరేషన్‌కు లక్షలు కావాలి, మన వసూళ్ళు ఆ ఖర్చుకు ఆనవు. రోజుకు మూడు నాలుగుసార్లు జీవితాంతం మింగాల్సిన మాత్రలకు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు జీతానికి సరిపోతాయి. టీ-షర్టుల ఖర్చు అందులోంచి తీయకండి.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దాయన ఉంటే ఆ పొద్దున తీసుకురండి. చెయ్యి పట్టి లాగొద్దు, తొందర పెట్టొద్దు. పక్కన నడవండి.