సారథ్యము – సంయమము

భగవద్రామానుజుల అవతారస్థలమైన శ్రీపెరుంబుదూరునకు సమీపమున, ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల మోటారు పందెపు బాట కలదు. తుంగతుర్తి యువకుడొకడు స్వంత కారుతో తొలిసారి అచ్చటి ‘ట్రాక్ డే’లో పాల్గొన్నాడు. అది తండ్రి అప్పుచేసి కొనియిచ్చిన వాహనము. తిరిగి ఇల్లు చేరవలసినదియు దానిలోనే.

మొదట వేగమే పురుషార్థమని భ్రమించి, మలుపులో ప్రవేశించిన పిదప బ్రేకు నొక్కినాడు. కారు ప్రక్కకు జారినది. టైరునకు గల పట్టు పరిమితము. దానినంతయు వేగనిరోధమునకే వ్యయపరచినచో తిరుగుటకు మిగులదు. తిన్నని బాటలోనే వేగమును తగ్గించి, చూపును ముందునకు నిలిపి, అటుపిమ్మట స్టీరింగు త్రిప్పవలెనని శిక్షకుడు బోధించినాడు.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను అశ్వములుగను నిరూపించినది. క్రోధకారణము ఎదుటపడిన పిదప పగ్గమును వెదకువాడు ఆ యువకుని వలెనే జారును. నిగ్రహము నిత్యానుష్ఠానమున, ప్రశాంతసమయముననే అభ్యసింపదగినది.

చివరి చుట్టును మెల్లగా నడిపి, కాగిన బ్రేకులను చల్లార్చుట అచ్చటి ఆచారము. జపము ముగియగనే లేచి లౌకికవ్యవహారమునకు పరుగిడు సాధకులు ఈ ఆచారమును గమనింతురు గాక!