తమరు వేంచేశారా?

వేళాకోళం, ఎగతాళి, హేళన, వెటకారం నిఘంటువుల్లో ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తాయి. వాడుకలో వీటిని విడదీసేది అనేవాళ్లకూ పడేవాళ్లకూ మధ్య ఉన్న వరస.

వేళాకోళం చనువు ఉన్నచోటే చెల్లుతుంది. బావామరదళ్లు, వదినామరదళ్లు ఆడుకునేది అదే. పెళ్లి భోజనాల వేళ వియ్యాలవారి మీద ఆడవాళ్లు పాడే పాటలూ ఆ కోవలోవే. అక్కడ కోపం తెచ్చుకున్నవాళ్లదే తప్పు. చనువు లేనిచోట అదే మాట ఎగతాళి అవుతుంది. ఎదుటివాడి నడకనో యాసనో అనుకరిస్తే వెక్కిరింత, నలుగురిలో చిన్నబుచ్చితే హేళన. దెప్పిపొడుపుకైతే నవ్వుతో పనే లేదు. చేసిన సాయాన్నో పాత తప్పునో తవ్వితీసి గుచ్చడమే దాని పని. వ్యంగ్యం మాత్రం శాస్త్రం నుంచి వచ్చిన మాట. అలంకారశాస్త్రంలో అది సూచనగా స్ఫురించే అర్థం. చురక అన్న భావం తర్వాతి వాడుకే.

వెటకారం తీరు వేరు. గోదావరి జిల్లాల సొత్తని పేరుపడింది గానీ, తెలంగాణలోనూ సీమలోనూ దానికి లోటు లేదు. దాని ఆయుధం మర్యాద. పొద్దెక్కాక లేచిన కొడుకుని "ఇప్పుడా లేవడం?" అంటే కోప్పడడం. "తమరు అప్పుడే లేచారేం?" అంటే వెటకారం. నువ్వు అనాల్సినచోట మీరు, ఇంకా ఘాటు కావాలంటే తమరు. గౌరవవాచకమే అంత పనీ చేస్తుంది కాబట్టి గొంతు మార్చకుండా, మొహంలో నవ్వు కనబడనీయకుండా కూడా వెటకారమాడవచ్చు. కవిత్వంలో దీనికి దగ్గరి చుట్టం నిందాస్తుతి. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువుని తిడుతున్నట్టే పొగిడాడు. అక్కడ పైకి కనిపించేది నింద, లోపలిది భక్తి. వెటకారంలో ఇది తిరగబడుతుంది.

ఇంగ్లిషులో నువ్వుకైనా తమరుకైనా 'యూ' ఒక్కటే. అందుకే అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు వెక్కిరింత ఇట్టే తెలుస్తుంది, వెటకారం చాలాసార్లు అందదు. 'తమరు' అని వినబడితే గౌరవం పెరిగిందనుకుంటారు. వీడియో కాల్‌లో అమ్మమ్మ విసిరిన చురకకు మనవడు "థాంక్యూ" అంటే ఆవిడ ఏం కావాలి? వారాంతపు తెలుగు బడుల్లో గారు, అండి, మీరు నేర్పుతారు. వాటిని తిరగేసి వాడడం ఏ పాఠంలోనూ ఉండదు, వింటూ పడుతూ పట్టుబడాల్సిందే. కాబట్టి విదేశాల్లోని తల్లిదండ్రులు పిల్లల్ని అప్పుడప్పుడూ 'తమరు' అంటూ ఉండాలి.