కుడివైపు చీకటి

ఛాయాచిత్రంలో ఒక పక్క వెలుగు, మరొక పక్క చీకటి కనిపిస్తే చాలామంది ఎండను నిందిస్తారు, లేదా ఫిల్ము పాతదంటారు. నెగటివును చూడకుండా ఆ తీర్పు చెప్పరాదని నా అభిప్రాయం. తెలుగు పండిత శిక్షణ పొందినవాణ్ణి గనుక నాకు తోచే పోలిక ఒకటుంది. పద్యంలో గణభంగం కనిపిస్తే అది కవిదా, వ్రాయసకానిదా, అచ్చుకూటానిదా అని ముందు తేల్చుకోవాలి. పందొమ్మిదో శతాబ్దిలో మా కడపలో బ్రౌన్ దొర పండితులను నియమించి, పలు వ్రాతప్రతులను పోల్చి చూపించిన పని అటువంటిదే. ఫిల్ము చుట్టలోని ముప్పైయారు చిత్రాలూ అలా పోల్చి చూడవలసినవే.

నేను కర్నూలులో పనిచేసిన నాటి విద్యార్థిని ఒకామె గత వేసవిలో అటువంటి చుట్ట తెచ్చింది. సంగమేశ్వరం చేరువలోని వాళ్ల ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. (అప్పట్లో అది కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా.) 1981లో ఊరు ఖాళీ చేయించే ముందు వాళ్ల చిన్నాయన తీసిన చిత్రాలవి. ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్న చిత్రంలో కుడి చివర వాళ్ల అవ్వ ఉంది. ప్రింటులో ఆ చోటు మసి పూసినట్టుంది. అవ్వకు వేరే ఫొటో లేదట.

“సార్, మా అవ్వ మొగం ఏమన్నా కనపడుతుందా?”

నెగటివులోనే ఆ వైపు పలచగా ఉంది. కాబట్టి తప్పు ప్రింటుది కాదు. కెమెరా వెనుక మూత సందులోంచి వెలుతురు దూరితే నెగటివు నల్లబడాలి, ఆ నలుపు చట్రం దాటి అంచు రంధ్రాల దాకా పాకాలి. ఇక్కడున్నది పలచన, అదీ చట్రం లోపలే. కడగడంలో లోపమా అంటే, ఫిల్ము అంచున కర్మాగారంలోనే ముద్రించే అంకెలు చివరంటా ఒకే నలుపులో ఉన్నాయి. కటకం వల్లనైతే నాలుగు మూలలూ మసకబారాలి. మిగిలింది షట్టరు.

ఆ కాలపు ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు చాలావాటిలో రెండు గుడ్డ తెరలు అడ్డంగా పరుగెత్తుతాయి. వేగం పెంచినప్పుడు ఫిల్ము మొత్తం ఒక్కసారిగా తెరుచుకోదు. తెరల నడుమనున్న సన్నని చీలిక దాని మీదుగా సాగిపోతుంది. లోపలి గ్రీజు గట్టిపడి ముందు తెర మందగిస్తే వెనుక తెర తరుముకొస్తుంది, చీలిక పోనుపోను ఇరుకవుతుంది. పరుగు ముగిసేవైపు వెలుతురు చాలదు. నిలువుగా పట్టి తీసిన చిత్రాల్లో ఆ చీకటి పక్కనుండి ఆకాశంలోకి మారడం చూశాక నాకు సందేహం తీరింది. ఎండ కెమెరాతో పాటు తిరగదు కదా! దీపాలవేళ తీసిన రెండు చిత్రాలు, నెమ్మది వేగంతో తీసినవై ఉండాలి, నిర్దోషంగా ఉన్నాయి. మన సీమ ఎండకు 1/250, 1/500 వేగాలు పెట్టడం పరిపాటి. ఈ జబ్బు బయటపడేదీ అక్కడే.

వెనుక తెర ముందుదాన్ని పూర్తిగా అందుకొని ఉంటే ఆ భాగం మీద అసలు వెలుతురే పడదు. గాజులా మిగిలిన ఫిల్ములోంచి ఎవరూ ఏమీ రాబట్టలేరు. చీలిక ఇరుకైనదే అయితే ఆశ ఉంది. నల్లగుడ్డ ముందు నెగటివును పట్టుకొని, కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా వంచి, భూతద్దంతో చూశాను. పలచని నెగటివు అలా చూస్తే పాజిటివులా కనిపిస్తుంది. తలమీది కొంగు, గడ్డం వంపు లీలగా తేలాయి. మిత్రుల ఇళ్లలో ఇటువంటివి ఉంటే ప్రింటు మాత్రమే చూసి పారవేయవద్దని మనవి.

పూర్వం ఎన్లార్జరు కింద అట్టముక్క ఆడిస్తూ ఆ వైపు వెలుగు తగ్గించి ముద్రించేవారు. నేను స్కాను చేసి, ఎడమనుండి కుడికి క్రమంగా వెలుగు పెంచాను. కొంగు అంచు, ముక్కుపుడక, చేతి గాజులు వచ్చాయి. కళ్లు రాలేదు. కంప్యూటరులో కళ్లు పెట్టించుకోవచ్చునని ఎవరో ఆమెకు చెప్పారట. శిథిలమైన తాళపత్రంలో లేని అక్షరాన్ని మనం పూరించి, అది కవిదే అనడం వంటిది, నేను చేయనన్నాను.

ఆమె ఆ ప్రింటును చాలాసేపు చూసింది.

“గాజులు అవ్వవే సార్,” అంది.