గట్టు ఎత్తు

మా తెనాలి ఇంటి వంటగదిని బాగుచేయించాలన్న ఆలోచన పూర్తిగా నాది. అమ్మ ఎన్నడూ అడగలేదు. ఆడవాళ్లు అడగకపోవడాన్ని అంగీకారంగా భావించడం మా వంశంలో మగవాళ్లకు పరంపరగా వస్తున్న జాడ్యం. నాన్న నుండి నాకూ సంక్రమించిందనే చాలాకాలం అనుకున్నాను.

1983లో నాన్న కట్టించిన ఇల్లది. కడప బండ పరిచిన గట్టు, గోడలో సిమెంటు అలమరలు, పొగచూరిన కిటికీ. నలభై ఏళ్ల వాడకంలో బండ అంచులు అరిగి నునుపు తేలాయి. తూము దగ్గర గోడకు చెమ్మ దిగింది. 2023 వేసవిలో ఆ చెమ్మను సాకుగా చూపి, విజయవాడలోని ఒక మాడ్యులర్ కిచెన్ సంస్థకు పని అప్పగించాను. మా ఊళ్లో మేస్త్రీలు లేక కాదు, నిపుణులన్న మాట మీద నాకున్న మోజు అటువంటిది.

వచ్చిన యువకుడు మర్యాదస్తుడు. లేజరు పరికరంతో గోడలు కొలిచాడు, ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసి అటూ ఇటూ తిప్పి చూపించాడు. తలుపులకు ఏ రంగు కావాలో, చిమ్నీ ఏ వైపు ఉండాలో అడిగాడు. అన్నీ నన్నే అడిగాడు. అమ్మ ఆ సమయంలో మా ఇద్దరికీ కాఫీ కలుపుతోంది. సగం సొమ్ము బయానా, నలభై శాతం సరుకు సరిచూసుకున్నాక, మిగిలిన పది పని ముగిశాక అన్నది ఒప్పందం. సంతకం చేసిందీ నేనే.

సరుకు దిగిన రోజున ఒక చిక్కు వచ్చింది. సింకు కింది పెట్టెకు నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేస్తామన్నారు. దాని మీద ఐ.ఎస్. 710 అన్న ముద్ర ఉండాలి. వచ్చిన పలక మీద 303 అని ఉంది. అది పనికిరాని చెక్కేమీ కాదు గానీ, నేను డబ్బిచ్చింది దానికి కాదు. ఆ నలభై శాతం ఇంకా నా చేతిలోనే ఉండబట్టి మూడోనాటికి సరైన పలక వచ్చింది. నా తెలివి మీద నాకు అమాంతం గౌరవం పెరిగిపోయింది.

ఆ గౌరవం దసరా దాకా నిలిచింది. పండగకు వెళ్లి వంటగదిలోకి తొంగిచూస్తే, అమ్మ పీట మీద నిలబడి పులిహోరకు పోపు వేస్తోంది. నాన్న భోజనానికి కూర్చునే పీట అది. ముంజేతి మీద కాలిన మచ్చ.

"ఎప్పటి నుంచమ్మా ఇలా?"

"మొదటి రోజు నుంచీ."

"చెప్పలేదేం?"

"అంత డబ్బు పోశావు కదరా."

తర్వాత కూర్చుని లెక్క వేశాను. పెట్టె ఎత్తు 720 మిల్లీమీటర్లు, దాని కింద కాళ్లు ఒక 120, పైన గ్రానైటు 20. వెరసి 34 అంగుళాలు. దాని మీద పొయ్యి మరో నాలుగైదు. అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. గట్టు ఎత్తును నిర్ణయించింది అమ్మ కాదు, నేనూ కాదు, ఎక్కడో ఫ్యాక్టరీలో కోసిన పెట్టె. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని రూపొందించిన మార్గరెట్ షూటె లిహోట్‌స్కీ, అప్పటికి తనకు వంటే రాదని తానే చెప్పుకుంది. ఆవిడ కనీసం ఒక్కో పనికి పట్టే సమయాన్నయినా లెక్కగట్టింది. నేను ఆ పాటి శ్రమ కూడా పడలేదు.

ఈసారి వీధి చివరి మేస్త్రీని పిలిచాను. అరవై దాటిన మనిషి. గట్టు వైపు చూడనైనా చూడకుండా, "అమ్మగారూ, ఇట్లా నిలబడి పప్పు ఎనిపినట్టు చెయ్యి ఆడించండి" అన్నాడు. అమ్మ సిగ్గుపడుతూనే ఉత్తి చేత్తో పప్పు ఎనిపింది. నేల నుండి మోచేతి దాకా టేపు పట్టాడు. 36 అంగుళాలు. "పొయ్యి దగ్గర ముప్పై చాలు" అన్నాడు.

పొయ్యి ఉన్నంత మేర గ్రానైటు కోశాడు. రెండు రోజులు ఇల్లంతా తెల్లటి ధూళి. కింది పెట్టెకు కాళ్లు ఊడదీసి, పెరట్లో పడి ఉన్న పాత కడప బండ ముక్కల మీద కూర్చోబెట్టాడు. నాలుగంగుళాలకు కాస్త తక్కువగా గట్టు దిగింది.

అమ్మ దాని మీద చెయ్యి వేసి చూసుకుని, "మీ నాన్న కూడా ఇట్లాగే నన్ను నిలబెట్టి కొలిపించారు, పునాదుల రోజుల్లో" అంది. నలభై ఏళ్లలో ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి.

ఏడాది సర్వీసుకు ఆ విజయవాడ కుర్రవాడే వచ్చాడు. గట్టు మధ్యలో మెట్టులా దిగిన ఆ భాగాన్ని చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. "డిజైన్ చెడిపోయింది కదా సార్!" అన్నాడు నాతో.

అమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ, "మీ అమ్మ ఎంత ఎత్తు ఉంటుంది బాబూ?" అని అడిగింది.

అతను కాసేపు ఆలోచించాడు. తర్వాత అరచేతిని తన భుజం పక్కన గాలిలో పెట్టి, మళ్లీ కాస్త దించి చూపించాడు.