తలుపు బరువు

జనవరిలో ఓ తెల్లవారుజామున గరాజ్‌లో ఢామ్మని చప్పుడైంది. అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి. అటక మీంచి ఏదో పడిందనుకుని లైటు వేసి చూశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆఫీసుకు బయల్దేరుతూ బటన్ నొక్కితే మోటారు మూలిగింది, తలుపు జానెడు లేచి ఆగిపోయింది.

నేను వంగి రెండు చేతులూ కింద పెట్టబోతుంటే, వెనక నుంచి నాన్న "ఆగరా, ముందు స్ప్రింగు చూడు" అన్నాడు. తెనాలిలో ముప్ఫయ్యేళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి. రోజూ పొద్దున్నే షట్టరు లేపిన చేతులాయనవి. తలెత్తి చూశాను. తలుపు పైన గోడకు అడ్డంగా ఉన్న ఉక్కు చుట్టలో, రెండు వేళ్లు పట్టేంత సందు! తెగిన కొసలు తళతళలాడుతున్నాయి. పక్కన కేబుల్ బిగువు పోయి, డ్రమ్ము మీంచి జారి వేలాడుతోంది.

రెండు కార్లు పట్టే తలుపు వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. పెద్ద బియ్యం బస్తాలు రెండన్న మాట. ఆ బరువును మోటారు ఎత్తుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎత్తేది స్ప్రింగే, మోటారు కాస్త చెయ్యి సాయం చేస్తుందంతే. మామూలు స్ప్రింగు 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కగట్టి చేసింది. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్లు కూడా రాదు. ఇక్కడ మన ఇళ్లలో వీధి తలుపు చుట్టాలకే, ఇంటిల్లిపాదీ వచ్చేదీ పోయేదీ గరాజ్‌లోంచే. వయసైపోయిన స్ప్రింగు గట్టి చలి రోజున తెగడం మామూలే.

తెగినదాని కన్నా తెగనిదే ప్రమాదం. బిగించిన చుట్టలో తలుపు బరువంతా దాగి ఉంటుంది. వీడియో చూసి, చేతికందిన స్క్రూడ్రైవరుతో దాన్ని విప్పబోతే ఆ బలమంతా చేతి మీదికీ మొహం మీదికీ వస్తుంది. కేబుళ్లూ, తలుపు అడుగున కేబుల్ తగిలించిన బిళ్లలూ అంతే. వాటి జోలికి మాత్రం వెళ్లకండి, మెకానిక్‌ను పిలవండి. పట్టాలోంచి రోలర్ జారి తలుపు వంకరపోయినా అంతే. తలుపు తెరిచి ఉండగా స్ప్రింగు తెగితే మోటారు నుంచి వేలాడే ఎర్ర తాడు లాగొద్దు, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. లాగితే ఆ బరువంతా ఒక్కసారిగా కిందికొస్తుంది.

మిగతావాటికి కంగారు అక్కర్లేదు. కిందిదాకా వస్తూ వస్తూ తలుపు మళ్లీ పైకి పోతోందంటే, చాలాసార్లు నేలకు జానెడు లోపు ఎత్తులో ఎదురెదురుగా ఉండే సెన్సర్ల దగ్గరే ఉంటుంది సంగతి. సాలెగూడో, చీపురు తగిలి పక్కకు తిరగడమో, సాయంత్రపు ఎండ సూటిగా పడటమో. మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు దీపాలూ నిలకడగా వెలిగేదాకా సరిచేస్తే చాలు. విసుగొచ్చి వాటిని పీకెయ్యకండి. తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయిన తర్వాతే, 1993 నుంచి తయారయ్యే మోటార్లకు ఇలాంటి రక్షణ ఉండి తీరాలని అమెరికాలో చట్టం చేశారు. కిర్రుమంటుంటే మడత బందులకూ రోలర్లకూ గరాజ్ తలుపుల స్ప్రే కొట్టాలి గానీ పట్టాల్లో గ్రీజు పూయకూడదు, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. తలుపుకున్న రెండు స్ప్రింగుల్లో తెగింది ఒకటే అయినా రెండూ మార్చాడు. రెండోదీ అన్నాళ్లూ పనిచేసిందే కదా. చివర్న, మూసిన తలుపుకు ఎర్ర తాడు లాగి మోటారు విడదీసి, చేత్తో నడుమెత్తుకు లేపి వదిలేశాడు. ఎక్కడిదక్కడే నిలిచింది. నాన్న వెళ్లి తనూ ఓ చెయ్యి వేసి అడుగు పైకి లేపి వదిలాడు. అక్కడా ఆగింది.

"ఆఁ, ఇప్పుడు మోస్తోంది" అన్నాడు.